ఉప్పులో మట్టి

1330 ప్రాంతంలో యోషిదా కెంకో అనే జపాన్ సన్యాసి రాసిన ‘త్సురెజురెగుస’లో ఒక ఆస్థాన వైద్యుడి కథ ఉంది. గద్దె దిగిన చక్రవర్తికి భోజనం వడ్డిస్తున్నారు. అందులోని ఏ పదార్థం పేరు ఏ అక్షరంతో రాస్తారో, ఏది ఒంటికి ఏం చేస్తుందో అడగండి, పుస్తకం చూడకుండా చెబుతానన్నాడు వైద్యుడు. అప్పుడే లోపలికి వచ్చిన అరిఫుసా అనే మంత్రి ‘షియో’ గురించి అడిగాడు. షియో అంటే ఉప్పు. ఆ అక్షరం ఏ భాగంతో మొదలవుతుంది? మట్టితో, అన్నాడు వైద్యుడు. నీ చదువెంతో తెలిసింది, ఇక అడగాల్సింది లేదన్నాడు మంత్రి. సభంతా ఘొల్లుమంది. వైద్యుడు లేచి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు అన్యాయమని నా అభిప్రాయం. పండితులు ఒప్పుకున్న పాత అక్షరానికి 24 గీతలు. మట్టితో మొదలయ్యేది చేతిరాతలో వాడుకైన పొట్టి రూపం, 13 గీతలే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం ఖాయం చేసింది ఆ పొట్టి రూపాన్నే. ఇవాళ జపాన్‌లో నాలుగో తరగతి పిల్లలు నేర్చుకునేది అదే.

కుంచెతో సాధన చేసేటప్పుడు నేను రెండూ రాస్తాను. పాత అక్షరం చెయ్యిని తొందరపడనివ్వదు. పైన ఎడమవైపు కిందికి చూసే కన్ను, అడుగున గిన్నె. ఈ రెండూ ఉన్న భాగం ఉచ్చారణ కోసమే వచ్చిందంటారు భాషావేత్తలు. కాదనను. కానీ పెనం మీదికి వంగి ఉప్పు ఎప్పుడు తేలుతుందా అని చూసే మనిషి ఆ గీతల్లో కనిపించకుండా పోడు. గిన్నెకు పైన, కుడివైపున ఉప్పును సూచించే ‘లు’ అనే చిహ్నం ఉంటుంది. క్రీ.శ. 100 నాటి చైనా నిఘంటుకారుడు షూ షెన్ దానికి చెప్పిన అర్థం పడమటి దేశపు చవిటి నేల. అంటే పాత అక్షరంలోనూ నేల ఉంది. వైద్యుడు చెప్పింది మరీ దూరమేమీ కాదు.

పొట్టి రూపంలో కన్ను పోయి ఆ చోట మట్టి కూర్చుంది. గిన్నె మాత్రం అలాగే ఉంది. ఇది రాతలో జరిగిన మార్పే, ఉప్పు చేసేవాళ్ళను చూసి మార్చింది కాదు. అయినా జపాన్ ఉప్పుకు ఇంతకన్నా సరిపోయే రూపం లేదు.

ఆ దేశంలో తవ్వుకునే రాతి ఉప్పు లేదు. మన చినగంజాం కొటార్లలోలా ఎండ ఒక్కదానితోనే ఉప్పు పండించుకుందామంటే వానలూ తేమా పడనివ్వవు. అందుకని నోటో ద్వీపకల్పంలో సుజు తీరాన ‘అగెహామా’ పద్ధతి వచ్చింది. బంకమట్టితో గట్టి చేసిన నేల మీద ఇసుక పరుస్తారు. సముద్రపు నీళ్ళు బాల్చీలతో మోసుకొచ్చి సన్నటి జల్లుగా చల్లుతారు. ఎండకు ఉప్పు ఇసుకకు పడుతుంది. ఆ ఇసుకను పోగుచేసి, మళ్ళీ సముద్రపు నీళ్ళు పోసి, చిక్కటి ఉప్పునీటిని దించుతారు. దాన్ని కట్టెల పొయ్యి మీద వెడల్పాటి పెనంలో గంటల తరబడి కాస్తారు. నీళ్ళు మోయడం నేర్వడానికి మూడేళ్ళు, చల్లడం నేర్వడానికి పదేళ్ళు అని అక్కడివాళ్ళ మాట. పదేళ్ళ పని నీళ్ళు చల్లడమా అనుకోకండి. జల్లు ఒకచోట ఎక్కువై ఇంకోచోట తక్కువైతే ఇసుక సమంగా ఆరదు.

మట్టి అక్షరాన్ని ఖాయం చేసిన ప్రభుత్వమే 1971లో ఉప్పు మళ్ళను దాదాపు దేశమంతటా మూయించి, ఉప్పును యంత్రాలకు అప్పగించింది. సుజులో ఒక్క కుటుంబం ఈ పద్ధతిని వదలకుండా నిలబెట్టింది. 1997లో ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధికారం పోయాక మరికొందరు ఆ పనిలోకి వచ్చారు. 2008లో దానికి జాతీయ జానపద వారసత్వంగా గుర్తింపు దక్కింది. 2024 జనవరి 1 భూకంపానికి నోటో తీరంలో చాలాచోట్ల నేల పైకి లేచి, సముద్రం వెనక్కి జరిగింది. నీళ్ళు మోసే దారి పొడవైంది.