రిహార్సల్లో పుట్టే నాటకం

‘వేరా డ్రేక్’ సినిమాలో ఒక కుటుంబం ఇరుకింట్లో కూర్చుని కూతురి నిశ్చితార్థపు సంబరంలో ఉంటుంది. తలుపు తడతారు. పోలీసులు. కథ 1950 నాటి లండన్‌ది. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆ ఇంటి తల్లి, దిక్కుతోచని ఆడవాళ్లకు చాటుగా గర్భం తీస్తుంటుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లోవాళ్లుగా వేసిన నటులకూ తెలియదు. రిహార్సల్లో తలుపు చప్పుడయ్యాకే వాళ్లకు విషయం తెలిసింది. తల్లి వేషం వేసిన ఇమెల్డా స్టాంటన్‌కు తన పాత్ర చేసే పని తెలుసుగానీ, పోలీసులు వస్తారని ఆమెకూ చెప్పలేదు. 2004లో వెనిస్‌లో ఆ సినిమాకు గోల్డెన్ లయన్, ఆమెకు ఉత్తమ నటి అవార్డు వచ్చాయి.

దర్శకుడు మైక్ లీ. 1943లో పుట్టాడు. నాటకాలూ సినిమాలూ అర్ధ శతాబ్దం పైగా ఒకే పద్ధతిలో తయారుచేస్తూ వచ్చాడు. మొదటి రోజు చేతిలో స్క్రిప్టు ఉండదు. ఒక్కొక్క నటుణ్ణీ విడిగా కూర్చోబెట్టుకుని, నీకు తెలిసిన మనుషుల గురించి చెప్పు అంటాడు. పక్కింటావిడ, పాత మేనేజరు, చిన్నాయన, ఎవరైనా సరే. అందులోంచి ఒకరిద్దర్ని ఎంచి, కలిపి, వాళ్ల నడకా మాటా చిన్నతనమూ ఊహిస్తూ కొత్త మనిషిని కడతారు. అలా కట్టిన మనుషుల్ని ఒక గదిలోకి వదిలి ఏం జరుగుతుందో చూస్తాడు. నెలలు పడుతుంది. చివరికి మిగిలినదాన్ని గట్టిగా బిగిస్తాడు. కెమెరా ముందుకు వచ్చేసరికి ఒక్క పొల్లుమాట ఉండదు. అప్పటికప్పుడు తోచింది మాట్లాడి తీసిన సినిమాలని చాలామంది అనుకుంటారు, కానేకాదు. 1977లో హ్యాంప్‌స్టెడ్ థియేటర్లో ఆడిన ‘అబిగెయిల్స్ పార్టీ’ కూడా ఇలా పుట్టిందే. ఆ అబిగెయిల్ అనే పిల్ల నాటకం మొత్తంలో వేదిక మీదికి రాదు! 2005లో లండన్ నేషనల్ థియేటర్లో ఆయన కొత్త నాటకానికైతే పేరు కూడా తేలకముందే టికెట్లు అయిపోయాయి.

ఇక్కడ మదనపల్లెలో సాయంకాలాలు నాటకం ఆడించే నాబోటివాడికి ఇది వినడానికే అసూయగా ఉంటుంది. నెలల తరబడి రిహార్సలా? మా వాళ్లలో ఒకతను మండీలో గుమస్తా, ఒకతను సెల్‌ఫోన్ల షాపులో పని, ఒకామె ప్రైవేటు స్కూల్లో టీచరు. పుంగనూరు నుంచి వచ్చే అబ్బాయి చివరి బస్సు పోతుందని గడియారం చూస్తూనే డైలాగు చెబుతాడు. ఆ సమయంలో మైక్ లీ పద్ధతి మొత్తం పట్టదు. మొదటి ముక్క మాత్రం పడుతుంది: నీకు తెలిసిన మనుషుల గురించి చెప్పు.

ఇప్పుడు ఆడబోయే నాటకంలో టమోటా రైతు పాత్రకు నేను పెద్ద డైలాగే రాసుకెళ్లాను. ఎక్కువ రాసుకెళ్లడం నాకలవాటు, కోయించుకోవడానికే. ధర పడిపోయింది, అప్పు, పెట్టుబడి, కన్నీళ్లు అన్నీ ఉన్నాయి. ఆ పాత్ర వేసే కుర్రాడి ఇంట్లో టమోటా సాగుంది. కాగితం చదివి పక్కనపెట్టాడు. “మా నాయన ఇంత మాట్లాడడు సార్. వేలం అయిపోయినాక బాక్సులు మళ్లీ ఒకసారి లెక్కబెట్టుకుంటాడు. లెక్క ముందే తెల్సు, అయినా లెక్కబెడతాడు” అన్నాడు. చేసి చూపించాడు. గదిలో ఎవరమూ కదల్లేదు. డైలాగు కొట్టేశాం.

తెలిసిన బతుకులోంచి నాటకంలోకి మాట తెచ్చుకోవడం మనకు కొత్తదేమీ కాదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరిపిస్తారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పద్యాలూ పాటలూ గురువు దగ్గర నేర్చినవే, వాటిని మార్చడానికి లేదు. మధ్యలో వచ్చే మాటలు మాత్రం ఆ రాత్రివి. ఊళ్లో బోరు ఎండిపోయిన సంగతి బఫూన్ నోట తిన్నగా విరాటుడి కొలువులోకి వచ్చేస్తుంది. కుప్పం దాటేకొద్దీ తెలుగులోకి తమిళం జొరబడుతుంది, ఎవరూ తప్పు పట్టరు. చివరి రోజు పట్టపగలు, మట్టితో చేసి నేలమీద బారుగా పడుకోబెట్టిన దుర్యోధనుడి తొడ పగులుతుంది. ఆ నెత్తురుతో ద్రౌపది జుట్టు ముడేస్తుంది. ఏం జరగబోతుందో అక్కడున్న చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా భీముడు గద ఎత్తితే జనం ఊపిరి బిగబడతారు. ఇక్కడ మైక్ లీతో నాకు పేచీ ఉంది. నటుడి దగ్గర కథ దాస్తేనే నిజం పుడుతుందన్నట్టుంటుంది ఆయన పద్ధతి. మన భారతంలో దాచేదేమీ లేదు. నిజం ఇంకెక్కడినుంచో వస్తుంది. ఎక్కడినుంచో నాకు పూర్తిగా అంతు చిక్కలేదు. పద్దెనిమిది రోజులు ఊరంతా కలిసి నియమంగా ఉండటంలోంచేమో అనిపిస్తుంది.

మదనపల్లెలో నాటకం మాటెత్తి ఐరిష్ రచయిత జేమ్స్ కజిన్స్‌ను దాటిపోలేం. 1919లో రవీంద్రుడు మా కాలేజీకి వచ్చి జనగణమన పాడటం, ఇక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాయడం ఊళ్లో అందరూ చెబుతారు. ఆయన నాటకాల మనిషని చెప్పేవాళ్లు తక్కువ. 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. డబ్లిన్‌లో ఐరిష్ నాటకోద్యమం మొదలైన రోజుల్లో ఫే సోదరుల బృందంతో తిరిగాడు, వేషాలూ వేశాడు. 1902 అక్టోబరు చివర్లో ఆయనవి రెండు నాటకాలు ఆడారు. ‘ది స్లీప్ ఆఫ్ ది కింగ్’ పురాణగాథ, పద్యం. ‘ది రేసింగ్ లగ్’లో ఉత్తరపు తీరంలో చేపలు పట్టేవాళ్ల ఇల్లూ, సముద్రమూ, మామూలు మాటలూ. సముద్రం ఇంటి గడపలోకి వచ్చే నాటకంగా ప్రపంచానికి తెలిసిన, ఐరిష్ నాటకకర్త సింగ్ రాసిన ‘రైడర్స్ టు ది సీ’ వేదికెక్కింది 1904లో. కజిన్స్ ఆ దారిలో ముందే రెండడుగులు వేశాడన్నమాట. ‘సోల్డ్’ అనే ప్రహసనం రాస్తే కవి యేట్స్‌కు ససేమిరా నచ్చలేదు. ఆ తర్వాత నాటకోద్యమానికీ ఈయనకూ దూరం పెరిగింది.

1915లో అనీ బిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరాడు. మరుసటేడు డబ్లిన్ ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది, మదనపల్లె కాలేజీలో సాహిత్యం చెప్పే పని దొరికింది. ఇక్కడున్న కాలంలోనే 1919లో మీరాబాయి మీద ‘ది కింగ్స్ వైఫ్’ అనే నాటకం తెచ్చాడు. మళ్లీ రాణులు, మళ్లీ గాథ. చేపలు పట్టేవాళ్ల మాట పట్టుకున్న చెవి, కిటికీ అవతల సంతకెళ్లే రైతు మాటను ఎందుకు పట్టుకోలేదని నాకో బాధ. తెలుగు పరాయి భాష కదా అనొచ్చు. నిజమే. అయినా ఆయన 1956లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ చెవితో ఒక్క నాటకమైనా ఈ నేల మీద రాసుంటే!

అన్నట్టు, రాసే మనిషే ఆడించే మనిషి కూడా అయితే పడే పాట్లు చూడాలంటే మైక్ లీ ‘టాప్సీ టర్వీ’ (1999) చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు రచయిత గిల్బర్ట్ తన నటుల చేత ఒక్కొక్క మాటా ఎలా పలికించాలా అని తంటాలు పడుతుంటే నాకు మా గది గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఇంతకీ మా టమోటా రైతు సంగతి ఇంకా తేలలేదు. పాంప్లెట్ ప్రెస్సుకు పోవాలి. ‘రచన’ అని నా పేరొక్కటే వేస్తే, ఆ నాటకంలో అందరికన్నా బాగున్న ఘట్టం నాది కాదే! కుర్రాడి పేరు కలుపుతానంటే వాడు భయపడ్డాడు. “వద్దు సార్. మా నాయన చూడ్డానికి వస్తాడు. అది తనేనని తెలిసిపోతాది” అన్నాడు. ఒక నిజం మనిషి ఉన్నదున్నట్టు వేదికెక్కకూడదనే మైక్ లీ ఇద్దరు ముగ్గుర్ని కలిపేస్తాడు. మేమూ అదే చేస్తున్నాం. నడక పుంగనూరు అబ్బాయి మేనమామది, దగ్గు మా గుమస్తా వాళ్ల తాతది. బాక్సులు లెక్కబెట్టడం మాత్రం తీసెయ్యలేదు. అది ఉండాలో వద్దో వాళ్ల నాయన్నే అడిగి చెప్పమన్నాను. ఇంకా అడగలేదట.