ముట్టుకోనివ్వని బొమ్మ చరిత్ర చెప్పదు

పాత బొమ్మలు, ఆటలు చూపించి పిల్లలకు చరిత్ర నేర్పాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ జరిగేదేమిటి? బల్లమీద వామనగుంటల పీట, బొంగరం, గవ్వలు పెట్టి పక్కన పేర్ల చీటీలు అంటిస్తారు. పిల్లలు వరుసగా వచ్చి చూసి వెళ్ళిపోతారు. "ఆ రోజుల్లో ఫోన్లు లేవు, పిల్లలు హాయిగా ఉండేవాళ్ళు" అని పెద్దలు ఒక మాట చెబుతారు. అది జ్ఞాపకం, చరిత్ర కాదు.

వైకుంఠపాళినే తీసుకుందాం. తమిళనాడులో ఉన్న మనకు ఇది కొత్త కాదు. మన పక్కింటి తమిళులు పరమపదం అంటారు. ముక్కోటి ఏకాదశి జాగారానికి వాళ్ళూ మనమూ ఈ పటం పరుస్తాం. ఇందులో నిచ్చెన మంచి గుణం, పాము చెడ్డ గుణం. పాములకు పేర్లుంటాయి. అరుకాషుడు మింగితే ఎంత పైకొచ్చినా కిందికి రావాల్సిందే. గెలవడమంటే మోక్షం పొందడమే.

ఈ ఆట 19వ శతాబ్దం చివరికి ఇంగ్లాండులో అచ్చయింది. అక్కడి పటాల్లో పొదుపు, కష్టపడి పనిచేయడం నిచ్చెనలయ్యాయి, సోమరితనం పామయింది. తర్వాత ఆ నీతులూ పోయి అంకెలే మిగిలాయి. ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి ఆడిస్తే పిల్లలే అడుగుతారు: మోక్షం ఉన్నచోట డబ్బు, పేరు ఎందుకొచ్చాయి? పేర్లు ఎందుకు పోయాయి? చరిత్ర పాఠం అక్కడే మొదలవుతుంది.

మొహెంజొదారో పాచికలూ అంతే. పుస్తకంలో వాటికి ఒక్క వాక్యం. ఇప్పటి పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 7 వస్తుంది. అక్కడ దొరికిన పాచికల్లో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 ఉన్నాయి. బంకమట్టితో అలాంటిది చేసి ఆడిస్తే ఏ పిల్లవాడు మరిచిపోతాడు?

ఆటలతోనే అంతా వస్తుందని నేననను. సంవత్సరాలు, కారణాలు తెలియాలంటే పుస్తకం చదవాల్సిందే. కానీ ప్రశ్న పుట్టాక చదివితే ఆ చదువే వేరు.

ఇంకో సంగతి. అంకెల పటానికి ఏ భాషా అక్కర్లేదు. వైకుంఠపాళి ఆడాలంటే తెలుగు చదవాలి. చదవడం రాని మన పిల్లలకు అరుకాషుడు ఉత్త పామే. అందుకే అమ్మానాన్నలకు నా మనవి: అటకమీద చుట్టి పెట్టిన పటం ఉంటే దించండి. పేర్లు పిల్లలచేత పైకి చదివిస్తూ ఆడించండి.