సెప్టెంబర్ 17లో మేమెక్కడ?

సెప్టెంబర్ 17 వస్తే ఒకరికి విమోచన, ఇంకొకరికి విలీనం, మరొకరికి విద్రోహం. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం దాన్ని 'హైదరాబాద్ విమోచన దినం'గా ప్రకటించింది. ఆ నెలలోనే 'రజాకార్' సినిమా విడుదలైంది. విమోచన ఎవరి నుంచి? ముస్లిం పాలన నుంచి అన్నట్టే ఆ సినిమా నడుస్తుంది.

రజాకార్ల ఘాతుకాలు నిజం. భైరాన్‌పల్లి నిజం. వాటిని దాచిపెట్టే ముస్లిం రచయిత తన ఖౌముకు మేలు చెయ్యడు. మా పేచీ 'ముస్లిం పాలన' అన్న మాటతోనే. 1798 ఒప్పందం నుంచి నిజాం గద్దెకు కాపలా ఎవరి ఫౌజు? 1918లో అతనికి 'బ్రిటిష్ ప్రభుత్వ విశ్వాసపాత్ర మిత్రుడు' అని బిరుదిచ్చిందెవరు? పల్లెల్లో భూమినీ వెట్టినీ గుప్పిట పెట్టుకున్న దేశ్‌ముఖ్‌లలో ఎక్కువమంది ఏ మతం వాళ్లు? నిజాం మతం ఒక్కటే చూపిస్తే పైనున్న సామ్రాజ్యమూ కిందున్న గడీ రెండూ తప్పించుకుంటాయి.

నాటి నల్గొండ జిల్లా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకెక్కి గెలిచాడు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ గుండాలు అతన్ని చంపేశారు. 'ముస్లిం రాజ్యం' ఈ ముస్లింను కాపాడలేదు. రజాకార్లను నిలదీసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హత్య చేశారు. మన రాతల్లో బందగీ రైతు, షోయబ్ జాతీయవాది. ఖాసిం రజ్వీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముస్లిం!

ఈ తప్పులో మజ్లిస్‌కూ వాటా ఉంది. 'అనల్ మలిక్' అంటూ, పూట గడవని సాయిబుకు నువ్వే పాదుషావని నూరిపోసింది. ఇవాళ సినిమా అదే మాటను నేరంగా మోపుతున్నది. పాలమూరు నుంచి మట్టిపనికి వలసపోయే కుటుంబాల్లోని సాయిబు ఏ రాజ్యం ఏలాడు?

పోలీసు చర్య తర్వాత, 1948 చివర్లో, సుందర్‌లాల్ కమిటీ పల్లెలు తిరిగింది. సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు అన్నది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు.

నిజాంను నెత్తికెత్తుకొమ్మని మేం అడగడం లేదు. భైరాన్‌పల్లి మృతులకు దండ వేసే చేత్తోనే ఆ 5 వేల మందినీ లెక్కలో రాయమంటున్నాం. బందగీని రైతు అన్నట్టే ముస్లిం అని కూడా అనమంటున్నాం.