దసరా పదములు - బడి నిధి

బడినిధికై తల్లిదండ్రుల సంఘములు క్రొత్త వేడుకలు కల్పింపవలెనా, పాత పద్ధతినే పట్టవలెనా యను ప్రశ్నకు తెలుగు వీధిబడి యేనాడో సమాధానమిచ్చినది. మహర్నవమికి బాలురు విల్లంబులు పూని, అయ్యవారి వెంట ఇంటింట పదములు పాడెడివారు. అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును లభించెడివి. తిథియు నాచారమును స్థిరములు. గృహస్థుని సాకులను ముందే యూహించి నవ్వించు చమత్కారము మాత్రము పదకర్త సొత్తు. పాట నిచ్చి పైకము గొనుటచే దైన్యము తగ్గినది. అయినను గురువు జీవనము దాతల దయకు లోబడుట యిందలి లోపము.

2006 నాటి చట్టముచే తమిళము క్రమముగా నిర్బంధమైన చెన్నపురి బడులలో తెలుగు తరగతికి ఆసరా యవసరము. బొమ్మల కొలువుల వేళ నిచ్చటి యిండ్లు అతిథులకు తెరచియే యుండును. ఆచారమును నిలిపి, పదమును ఏటేట క్రొత్తగా కట్టి, పైకమును పుస్తకములకు వినియోగించి, లెక్కను అందరి యెదుట చదువుట మేలు.