మరి బంతేదీ?

పిల్లల బొమ్మలు గీయడం నాకు ఆదివారం సాయంత్రపు పని. స్కెచ్‌బుక్కు పట్టుకుని మా అపార్ట్‌మెంట్ కింద సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. ఒకసారి బంతి వెంట పడి పరిగెడుతున్న పిల్లాణ్ణి ఆపి, "ఒరేయ్, రెండు నిమిషాలు కదలకురా" అన్నాను. బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు చేతులు రెండూ ఒంటికి అంటించుకుని నిలబడ్డాడు. ముక్కు, కళ్లు, రేగిన జుట్టు అన్నీ బాగానే కుదిరాయనుకున్నాను. చూపిస్తే వాడు అడిగింది ఒక్కటే: "అంకుల్, మరి బంతేదీ?"

ఫెలిక్స్ వాలొటన్ అయితే ఆ మాట పడేవాడు కాదు. స్విట్జర్లాండులో పుట్టి, పదహారేళ్లకే పారిస్ చేరిన ఈ చిత్రకారుడు 1899లో వేసిన ఒక బొమ్మకు పేరే 'బంతి'. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అట్ట మీద తైలవర్ణాలు; 48 సెంటీమీటర్ల ఎత్తు, 61 సెంటీమీటర్ల వెడల్పు. అంతే.

ఆ బొమ్మను మేడ మీంచి తొంగిచూసినట్టు చూడాలి. కింద ఎండ పడ్డ ఇసకనేల. తెల్లగౌను, గడ్డిటోపీ వేసుకున్న చిన్నపిల్ల ఎర్రబంతి వెంట పరిగెడుతోంది. మొహం కనబడదు. నేలకు అవతలి సగం చెట్ల నీడ. దాని అంచు వేళ్లు చాపినట్టు పిల్లవైపు పాకుతోంది. ఎక్కడో దూరంగా, ఆ పచ్చదనంలో, గోరంత ఆడవాళ్లు ఇద్దరు, ఒకరు తెలుపులో, ఒకరు నీలంలో. వాళ్లకీ మొహాల్లేవు. పిల్ల వాళ్లను చూడదు, మనల్నీ చూడదు. దాని లోకమంతా ఆ ఎర్రచుక్కే.

ఈ పొదుపు వాలొటన్‌కు ఊరికే రాలేదు. అంతకుముందు దాదాపు ఎనిమిదేళ్లు ఆయన చెక్క చెక్కి అచ్చులు వేశాడు. అందులో ఉన్నవి రెండే రంగులు, నలుపూ తెలుపూ. ఏది చెక్కెయ్యాలో, ఏది ఉంచాలో ముందే తేల్చుకోవాలి. జపాన్ అచ్చుబొమ్మలు చూసి, నీడలు పులమకుండా రంగును ఒకే పొరగా పరచడం నేర్చాడు. కొడాక్ కెమెరా చేతికొచ్చిందీ ఆ రోజుల్లోనే. అదే 1899లో ముగ్గురు పిల్లలున్న వితంతువును పెళ్లాడి మారుతండ్రి అయ్యాడు. బొమ్మలో పిల్లకూ ఆ ఆడవాళ్లకూ మధ్య ఉన్న దూరానికీ ఈ పెళ్లికీ ముడిపెట్టబుద్ధేస్తుంది. కానీ ఆ కథ తెలియకపోయినా బొమ్మకు లోటేమీ లేదు.

నాకు పట్టుబడిన సంగతి వేరు. నేను పిల్లాణ్ణి గీశాను, ఆయన ఆటను గీశాడు. ఆపితే పిల్లాడు మిగులుతాడు, ఆట పోతుంది. ఇప్పుడు బల్ల మీద కూర్చోవడం మానేసి రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడుతున్నాను. కాగితం మీద ముందు బంతి పెడతాను, తర్వాత దానికీ పిల్లాడికీ మధ్య ఖాళీ, ఆఖర్న పిల్లాడు. చాలాసార్లు కాళ్లు కుదరవు. కుదరని ఆ కాళ్లే, కుదిరిన పాత మొహాలకంటే ఎక్కువ పరిగెడుతున్నాయి.

ఈసారి మీ పిల్లలు ఆడుకుంటుంటే ఫోను తీసి "ఇటు చూడమ్మా, నవ్వు" అనకండి. నాలుగడుగులు వెనక్కి వేసి, బంతి ఎక్కడుందో చూడండి.