రంగు, వాసన, రుచి తెలియనంత

బౌద్ధమనగానే ధమ్మపదమును, జాతకకథలను, అజంతా చిత్రములను తలచుకొని పులకించువారు మనలో వేలకొలది కలరు గాని, వినయపిటకమును చేతబట్టి చదివి ఆనందించువాడు ఊరికొక్కడైనను కానరాడు. అది ఎండిన నియమముల మూట యని లోకమున ఒక అపప్రథ నాటుకొని పోయినది. నా మట్టుకు నాకు ఆ పిటకమునందలి మహావగ్గములో భేసజ్జఖంధకమను భైషజ్యప్రకరణమును మించిన మనోజ్ఞమైన భాగము త్రిపిటకములలో మఱియొకటి లేదు. ఇది పక్షపాతమని ఎవరైన అనదలచినచో నిరభ్యంతరముగా అనవచ్చును.

ఆ ప్రకరణమున పిలిందవచ్ఛుడను స్థవిరునికి వాతరోగము వచ్చును. వైద్యులు తైలము కాచి ఇమ్మందురు. ఆ తైలపాకమున మద్యము పడవలెను. మద్యపానమును నిషేధించిన శాస్త, బుద్ధుడే, దానికి అనుమతి నిచ్చును. అంతట షడ్వర్గీయులను ఆకతాయి భిక్షువులు (వినయకథలలో ఎక్కడ అల్లరి జరిగినను అక్కడ వీరుందురు) మద్యము దండిగా పోసి కాచి, త్రాగి, మత్తిల్లి కూర్చుందురు. సామాన్యుడైన శాసనకర్త యైనచో ఇదే సందని ఇచ్చిన అనుమతిని ఊడబెరికి, నిజమైన రోగిని వాతముతో విలవిలలాడ విడిచెడివాడు. బుద్ధుడట్లు చేయలేదు. తైలములో మద్యపు రంగు గాని, వాసన గాని, రుచి గాని తెలియనంత మాత్రమే కలిపినచో త్రాగవచ్చునని కొలత పెట్టెను. అప్పటికే మద్యము మితిమీరి కాచిన తైలము మిగిలి యుండగా దానిని పారబోయింపక, ఒంటికి మర్దనకు వాడుకొనుడని చెప్పెను. ఎంత నిబ్బరము! ఎంత నేర్పు! మందును మత్తునుండి విడదీయుటకు ఆయన ధర్మోపన్యాసము చేయలేదు. కంటికి, ముక్కునకు, నాలుకకు అందు పరీక్ష యొకటి వైద్యుని చేతిలో పెట్టెను.

అసలు మద్యనిషేధము పుట్టిన కథయైనను మద్యమును తిట్టుటతో మొదలుకాదు. ఒక మహాశూరుని పతనముతో మొదలగును. సాగతుడను భిక్షువు చేది దేశమున అంబతిత్థమను చోట ఒక జటిలుని ఆశ్రమమందు విషము గ్రక్కు నాగమును తన తేజస్సుతో నిగ్రహించెను. ఆ వార్త కౌశాంబికి ప్రాకెను. పౌరులు ఆనందము పట్టలేక, షడ్వర్గీయుల సలహా విని, ఇంటింట మేలైన సుర సిద్ధముచేసి ఆయనకు సమర్పించిరి. ఇంటికింత చొప్పున పుచ్చుకొన్న ఆ మహానుభావుడు నగరద్వారమున దబ్బున కూలెను. తోటివారు మోసికొనివచ్చి శాస్త వైపు తల యుండునట్లు పరుండబెట్టగా, అటునిటు దొర్లి ఆయన వైపే కాళ్ళు చాపెను. బుద్ధుడు భిక్షువులను అడిగెను: నాగముతో పోరిన ఈ సాగతుడు ఇప్పుడు ఒక నీరుకట్టె పామునైనను ఎదుర్కొనగలడా? నియమము అక్కడనే పుట్టినది. మద్యము పాపమని గాక, ఏమరుపాటునకు తావిచ్చునని దానిని మానుమనిరి. ఈ కారణమును మరచినవారికి నియమము అక్షరము మాత్రమే మిగులును.

మత్తు పాలైనదానిపై కోపము కాక కరుణయే ఈ సంప్రదాయపు మొదటి గుణమని గ్రహింపదలచినవారు చెన్నపట్టణపు మ్యూజియమునకు పోయి అమరావతి శిల్పములలోని నాళాగిరి ఫలకమును చూడవలెను. బుద్ధుని చంపబూనిన దేవదత్తుని కుట్రచేత మావటీలు పదునారు కడవల కల్లు త్రాగించి వీధిలోనికి వదలిన మదపుటేనుగు అది. ఒకే వలయములో అదే ఏనుగు రెండుమార్లు కనబడును: ఒకప్రక్క మనిషిని తొండమున చుట్టి జనమును చెదరగొట్టుచు, ఇంకొకప్రక్క శాస్త పాదములకడ మోకరిల్లుచు. పైని గవాక్షములనుండి తొంగిచూచు స్త్రీపురుషుల ముఖములలో భయము ఇంకను తీరలేదు. ఏనుగు వెన్నులో మాత్రము మదమంతయు దిగిపోయినది. కృష్ణాతీరపు శిల్పి చేతికి ఇంతకన్న గొప్ప నిదర్శనము నాకు తెలియదు.

మనసు చెడినవారి యెడల వినయము చూపిన మర్యాద ఇంకను హృద్యమైనది. గగ్గుడను భిక్షువు ఉన్మత్తుడై ఉపోసథమను సంఘసమావేశమునకు ఒకప్పుడు వచ్చును, ఒకప్పుడు రాడు. ఒకప్పుడు జ్ఞాపకముంచుకొనును, ఒకప్పుడు మరచును. అతడు వచ్చినను రాకున్నను సంఘకర్మ చెల్లునని సంఘము తీర్మానించుకొనెను. తరువాత అతనికి స్వస్థత చిక్కగా, ఉన్మాదమున చేసిన పనులెత్తి కొందరు దెప్పసాగిరి. అప్పుడు అమూఢవినయమను పేర ఒక తీర్పు ఏర్పడెను: పిచ్చిలో చేసినది దోషము కాదు, దానిని గూర్చి ఇక నెవ్వరును ప్రస్తావింపరాదు. రెండువేల అయిదువందల యేండ్ల నాటి ఈ తీర్పు నేటికిని మన పెండ్లి సంబంధముల మాటలలోనికి, మన ఉద్యోగశాలలలోనికి రాలేదు.

ఇక సాధనపద్ధతుల మాట. ధ్యానము అందరికి ఒకే మోతాదున పనిచేయు సర్వరోగనివారిణి యని ఈ పెద్దలెన్నడును చెప్పలేదు. వైశాలిలో జరిగిన ఘోరము పిటకములోనే కలదు. అశుభభావన, అనగా దేహమును హేయముగా చూచు ధ్యానము, పట్టిన భిక్షువులు కొందరు తమ దేహములపై రోసి ప్రాణములు తీసికొనిరి. పక్షము దినముల ఏకాంతవాసమునుండి వెలికివచ్చిన శాస్త సంఘము పలచబడుట చూచి, కారణము విని, మిగిలినవారికి ఊపిరిని గమనించు ఆనాపానస్మృతిని ఉపదేశించెను. సాధన రోగికి సరిపడనప్పుడు రోగిని నిందింపక సాధనను మార్చవలెనను సూత్రము అంతకన్న స్పష్టముగా ఎక్కడ దొరకును?

ఆ సూత్రమును శాస్త్రముగా తీర్చినవాడు బుద్ధఘోషుడు. ఆయన మన పలనాటివాడేనని కొందరందురు. నాకును నమ్మవలెననియే యున్నది. అనురాధపురమందలి మహావిహారమున 5వ శతాబ్దిలో కూర్చుండి ఆయన రచించిన విశుద్ధిమార్గమున నలుబది కర్మస్థానములు, అనగా ధ్యానవిషయములు, ఆరు చరితలు, అనగా స్వభావములు, కలవు. శిష్యుడు ఏ చరితవాడో తెలిసికొనుటకు గురువు అతడు చీపురు పట్టిన తీరు చూడవలెనట! రాగచరితుడు చీపురును ఒద్దికగా పట్టుకొని, తొందరపడక, ఇసుక చెదరనీయక సమముగా ఊడ్చును. ద్వేషచరితుడు బిగించి పట్టి, కరకరమను చప్పుడుతో, ఇసుకను ఇరుప్రక్కల ఎగజిమ్ముచు ఊడ్చును. మోహచరితుని చేతిలో చీపురు వదులుగా వ్రేలాడును. చెత్తయు ఇసుకయు కలగాపులగమగును. నడక, నిద్ర, భోజనము అన్నియు ఇట్లే పరీక్షింపబడును. పిమ్మట చికిత్స: రాగచరితునికి గబ్బిలములు తిరుగు పాడుకొంప, మోటు పాత్ర, ద్వేషచరితునికి చిత్రములు వ్రాసిన గోడలు, పూలదండలు, మెత్తని పడక, రుచిగల భోజనము, మైత్రీభావన, మోహచరితునికి నలుదిక్కులు తెరపియైన చోటు, ఊపిరి. చీపురు చప్పుడునుబట్టి కోపిష్టిని పోల్చి, అతనిని తిట్టక, పూలగదిలో నుంచి మంచి భోజనము పెట్టుమన్న ఈ వైద్యుని తలచుకొన్నప్పుడెల్ల నాకు చేతులు జోడింపబుద్ధియగును.

మహాయానము వారిలో ఇట్టి నేర్పు తక్కువ యని వాదించుట నా అలవాటు. ఐనను జపాను దేశపు జెన్ గురువు హకుయిను (1686–1769) ఎదుట నా పక్షము ఓడిపోవును. యౌవనమున సాధన మితిమీరి ఆయనకు తల వేడెక్కి, పాదములు మంచువలె చల్లబడి, చెవులలో హోరు పుట్టి, అడుగడుగున భయము పట్టుకొనెను. వైద్యులు చేతులెత్తివేసిరి. కడకు క్యోటో చేరువ కొండలలోని హకుయు అను యోగి తనకు మార్గము చూపెనని ఆయన 1757లో వ్రాసిన గ్రంథమున చెప్పుకొనెను. శిరస్సుపై గ్రుడ్డంత వెన్నముద్ద యున్నట్లు భావించి, అది కరిగి భుజములమీదుగా, రొమ్ముమీదుగా, ప్రేవులమీదుగా అరికాళ్ళదాక జారుచుండగా ఆ చల్లదనమును అనుభవించుటయే ఆ చికిత్స. ధ్యానమువలన రోగము వచ్చునని ఒప్పుకొని దానికొక పేరు పెట్టి, మందు వెదకిన ఆ నిజాయితీ నేటి గురువులలో ఎందరికి కలదు?

మన కాలపు మహనీయులలో రంగూనువాసి యైన ఊ బా ఖిన్ గురువును తలపక తప్పదు. దేశపు అకౌంటెంటు జనరలుగా కార్యాలయమున లెక్కలు చూచుచునే ధ్యానము నేర్పిన అపూర్వవ్యక్తి ఆయన. 1955లో ఆయనకడకు వచ్చిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయంకాకు భరింపరాని తలనొప్పి; దానికి వైద్యులు మార్ఫిను సూదులు వేయుచుండగా ఆ మందే వ్యసనమగునేమో యను భయము పట్టుకొనెను; దేశదేశముల వైద్యులవలనను గుణము కానరాలేదు. తలనొప్పి పోగొట్టుకొనుటకు వచ్చితినని చెప్పగా గురువు, అందులకైనచో నేర్పనని త్రిప్పిపంపెను! ధర్మమును తలనొప్పి మాత్రగా దిగజార్చుటకు ఆయన ఒప్పుకొనలేదు. చిత్తశుద్ధికై వచ్చిన పిమ్మటనే చేర్చుకొనెను. ఆ శిష్యుడే 1969లో భారతదేశమునకు విపశ్యన ధ్యానమును తెచ్చెను. 1976 నుండి హైదరాబాదులో మన తెలుగువారికిని దాని పదిదినముల మౌనశిబిరము లభించుచున్నది. ఆ కేంద్రముల నియమావళిలో మత్తుపదార్థములు నిషిద్ధములు. వైద్యుడు వ్రాసిన మందులు వాడువారు మాత్రము ఆ సంగతి ఆచార్యునికి ముందుగా తెలుపవలెను. తీవ్రమైన మనోవ్యాధి కలవారికి ఆ శిబిరము తగదనియు స్పష్టముగా చెప్పుదురు. పిలిందవచ్ఛుని తైలపు కొలత ఇంకను బ్రతికియున్నదనుటకు ఇదియే సాక్ష్యము.

థాయిదేశమున తామ్ క్రాబోక్ విహారము ఇంకొక ఆశ్చర్యము. నల్లమందుకు, హెరాయినుకు బానిసలైనవారికి తొలి అయిదుదినములు మూలికల కషాయము పోసి, కడవలకొలది నీళ్ళు త్రాగించి, వరుసగా కూర్చుండబెట్టి వాంతి చేయింతురు. అంతకుముందు ఇక జన్మలో ముట్టనని ప్రతిజ్ఞ. ఒకమారు చేరి భ్రష్టుడైనవానికి రెండవమారు ప్రవేశము లేదు. పోలీసు ఉద్యోగము మాని కాషాయము కట్టిన చమ్రూన్ భిక్షువు ఈ పనికి 1975లో మెగసెసే బహుమానము నందెను.

ఇంతటి సూక్ష్మదృష్టిగల సంప్రదాయము పేరు చెప్పుకొని నేడు జరుగుచున్నదేమి? నిన్నగాక మొన్న ధ్యానము నేర్చి, నేడు వేదిక యెక్కిన గురుబ్రువుడు, "మాత్రలు మ్రింగుట కూడ మత్తే, పంచశీలమునకు భంగమే, పారవేయుము" అని నిస్సంకోచముగా పలుకుచున్నాడు. నేనెరిగిన ఒక యువకుడు, చదువులో చురుకైనవాడు, లిథియమను మందుతో మూడేండ్లు కుదురుగా నుండి, ఇట్టి యొకని మాట విని దానిని ఒక్కనాట మానివేసెను. కొలది వారములలో నిద్ర పోయినది. తనకు జ్ఞానోదయమైనదని అర్ధరాత్రి వీధిలో ఉపన్యసించుచుండగా తల్లి చేయిపట్టి లోనికి లాగుకొనివచ్చినది. తరువాతి నెల ఆసుపత్రిలో గడచినది. ఆ బోధకుడు పరామర్శకైన రాలేదు! ఉప్పు జాతికి చెందిన ఆ సాధారణద్రవ్యము ఉన్మాదమును అణచునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు కేడ్ కనుగొన్న నాటినుండి ఎన్ని కుటుంబములను నిలబెట్టినదో ఇట్టివారికేమి తెలియును? హఠాత్తుగా మానినచో ఉన్మాదము తిరుగబెట్టునని ఏ డాక్టరునడిగినను చెప్పును. ఇవన్నియు పాశ్చాత్యుల విషములని వాదించువారు మన అడవులలోని సర్పగంధ వేరును, దానిని ఉన్మాదరోగులకిచ్చి 1931లో ఫలితములు ప్రకటించిన వంగదేశపు వైద్యులను మరచిరి.

ఏది మత్తు, ఏది మందు అను ప్రశ్నకు మన తెలంగాణపు కల్లు కాంపౌండులే పాఠము చెప్పినవి. 2015లో కల్తీకల్లుపై కట్టడి బిగియగానే వందలమంది చేతులు వణకుచు, పలవరించుచు, మూర్ఛలతో ఆసుపత్రులకు పరుగెత్తిరి. కల్లులో కలిపినది డయజిపాం, అల్ప్రాజోలం వంటివి. అదే అల్ప్రాజోలం డాక్టరు చీటిమీద, కొలతతో, గడువుతో వచ్చినచో ఆందోళనకు ఉపశమనము. ద్రవ్యమొకటే, మోతాదు వేరు, ఉద్దేశము వేరు, గమనించు చేయి వేరు. నిద్రమాత్రలు అలవాటగునను భయము న్యాయమైనదే. దానికి మార్గము డాక్టరుతో మాటలాడి మెల్లగా తగ్గించుకొనుట గాని, శిబిరద్వారమున చెత్తబుట్టలో పడవేయుట కాదు. కుంగుబాటు తిరుగబెట్టకుండ ధ్యానశిక్షణము పనిచేయునా యని ఇంగ్లండులో 424 మందిపై జరిపి 2015లో లాన్సెట్ పత్రికలో వెలువరించిన పరిశోధనలో, రెండేండ్లలో శిక్షణ పొందినవారికి నూటికి 44 మందికి, మాత్రలు కొనసాగించినవారికి 47 మందికి రోగము తిరుగబెట్టినది. దానిలో ధ్యానము మాత్రను ఓడించినదని విజయభేరి మ్రోగించుటకేమియు లేదు. మాత్రను తగ్గించుకొనదలచినవారికి వైద్యుల పర్యవేక్షణలో ఇంకొక ఆధారము కలదని తెలిసినది, అంతే.

ఇంకొకవైపు నకలు సరకు. సెల్‌ఫోనులో గంట మ్రోగించి పదినిమిషములలో నిర్వాణమిచ్చు యాప్‌లు! ఉద్యోగిని పండ్రెండుగంటలు పిండి, సాయంకాలము కన్నులు మూసికొని ఊపిరి చూచుకొమ్మను కంపెనీ శిక్షణలు! శీలమును తీసివేసి సమాధిని అమ్ముట ఎవరి తెలివి? ఇది చాలక భ్రాంతి పుట్టించు పుట్టగొడుగులు తిని అదియు బుద్ధమార్గమే యనువారు పశ్చిమమున బయలుదేరిరి. పాండిత్యమున, వాగ్ధాటిలో అసమానుడైన టిబెట్టు గురువు చోగ్యామ్ త్రుంగ్‌పా మద్యమునకు లోబడి 1987లో యాభై యేండ్లు నిండకయే దేహము చాలించెను. శిష్యులు దానిని ఉన్మత్తప్రజ్ఞ యనిరి. కౌశాంబి ద్వారమున కూలిన సాగతుని ఎత్తుకొని వచ్చిన భిక్షువులు అట్టి పేరేదియు పెట్టలేదు, కూలినాడనియే చెప్పిరి.

కావున ధ్యానకేంద్రములు నడుపు పెద్దలకు నా విన్నపమొక్కటి. రోగిపరిచారకునికి ఉండవలసిన అయిదు గుణములను మహావగ్గము చెప్పుచున్నది: మందు సిద్ధము చేయగలుగుట, పథ్యాపథ్యములెరుగుట, లాభాపేక్ష లేక మైత్రితో సేవించుట, మలమూత్రములకు వాంతులకు ఏవగింపకుండుట, సమయమెరిగి ధర్మకథతో ఉల్లాసపరచుట. ఆ వరుసలో మందు మొదటిది, ధర్మకథ చివరిది. ఆ వరుస చెడకుండ తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి, శిబిరమున పేరు నమోదుచేయు బల్లపైన, "ఏ మందులు వాడుచున్నారు?" అను ప్రశ్న ప్రక్కన అంటింపుడు.