ముందు మీటరు, తర్వాతే స్పానరు

అలిపిరి తనిఖీ కేంద్రంలో లగేజీ చూపించి మళ్లీ ఎక్కి తాళం తిప్పితే, బండి పలకదు. వెనక హారన్లు. "సెల్ఫ్ పోయిందన్నా, మార్చేయాల్సిందే" అని ఎవరో ఒకరు తీర్పిచ్చేస్తారు. మన తిరుపతిలో రెండో తీర్పు బ్యాటరీ మీద. 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా కంపెనీ వల్ల కరకంబాడి పేరు బ్యాటరీలతో ముడిపడింది కదా, అనుమానమూ అటే పోతుంది.

ఆటో ఎలక్ట్రీషియన్ల పక్కన నిలబడి చూసినవాడిగా నాకు నచ్చిన పని, తీర్పుకు ముందు చప్పుడు వినడం. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించింది, లేదా టెర్మినల్‌కు తుప్పు పట్టింది. ఒక్కసారి టక్‌మని ఆగి, హెడ్‌లైట్ల వెలుగు మాత్రం తగ్గకపోతే సోలినాయిడ్ కాంటాక్టులు కాలివుండాలి, లేదా కార్బన్ బ్రష్‌లు అరిగివుండాలి. సెల్ఫ్ మోటారు గుయ్యిమని తిరుగుతున్నా ఇంజిను కదలకపోతే బెండిక్స్ పళ్లు ఫ్లైవీల్‌ను అందుకోవడం లేదు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. ఆటోమేటిక్ బండైతే గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉందా అన్నది మొదటి ప్రశ్న.

చెవి చెప్పింది మీటరు ఒప్పుకోవాలి. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే దాన్ని పరీక్షకు పంపాలి. జారకపోతే మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మోటారు లావు వైరు బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే తప్పు వైరుదే. ఎర్త్ వైపూ ఇలాగే కొలవాలి. వంద ఆంపియర్లకు పైగా లాగే మోటారును ఆపడానికి తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టు చాలు.

స్పానరుతో మోటారును తట్టితే ఒక్కోసారి స్టార్టవుతుంది. అది వైద్యం కాదు, అరిగిన బ్రష్‌లు కాసేపు ఆనుకున్నాయంతే. ఆర్మేచర్ కాలకపోతే బ్రష్‌లు, బుష్‌లు మార్చి, కమ్యుటేటర్ శుభ్రం చేస్తే చాలావరకు అదే మోటారు మళ్లీ పనికొస్తుంది. కాలితేనే కొత్తది. విప్పేముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యడం మరవకూడదు.

మీటరు పెట్టకుండానే కొత్త మోటారు రేటు చెప్పే షాపులో బండి వదలకండి.